ట్రక్కు బగ్గీ కావాలంటే బాడీ ఆఖరి పని

పాఠకుల ప్రశ్నలు – రిమోట్ వాహనాలు

ప్రశ్న: నా దగ్గర వెనక చక్రాలకే శక్తి అందే ట్రాక్సస్ రస్ట్‌లర్ ట్రక్కు ఉంది. ఎక్స్‌ఎల్-5 స్పీడ్ కంట్రోలర్, టైటాన్ 12టీ మోటారు దానితో వచ్చినవే. మలుపు తిప్పితే చాలు, పల్టీ కొడుతోంది. మా అబ్బాయికి బగ్గీ అంటే, నేలకు దగ్గరగా పరుగెత్తే ఆ సన్నని బండి అంటే ఇష్టం కనుక, అదే కంపెనీ బాండిట్ బగ్గీ బాడీ ఒకటి కొని తొడిగి చూశాను. అది సరిగా కూర్చోలేదు, కూర్చున్న మేరకు చూడడానికి కూడా బాగాలేదు. దీన్ని నిజమైన బగ్గీగా మార్చాలంటే ఏమేం మార్చాలి? మారిస్తే పల్టీలు తగ్గుతాయా? నా టైరు వ్యాసం కొలిస్తే 100 మిల్లీమీటర్లు, మోటారు మీది చిన్న గేరుకు, అంటే పినియన్‌కు 18 పళ్లు, అది తిప్పే పెద్ద గేరుకు, అంటే స్పర్‌కు 86 పళ్లు ఉన్నాయి.
– ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సస్

జవాబు: ఆఖర్న చేయవలసిన పనిని మీరు మొదట చేశారు. చాలామంది ఇలాగే మొదలుపెడతారు, ఎందుకంటే అంగట్లో ముందుగా కంటికి కనబడేది బాడీయే. కానీ ట్రక్కుకూ బగ్గీకీ ఉన్న అసలు తేడా నాలుగు మూలల్లో, అంటే చక్రాన్ని బండికి కలిపే ఆర్మ్‌ల పొడవులో, శక్తిని చక్రానికి చేర్చే ఇరుసు కడ్డీల పొడవులో, చక్రాల వ్యాసంలో, బండి నేలకు ఎంత ఎత్తున నిలుస్తుందన్న దానిలో ఉంటుంది. ఈ నాలుగూ కుదిరాక బాడీని కూర్చోబెట్టడం తేలిక.

మీ విషయంలో ఒక సౌకర్యం ఉంది. మీకు దగ్గర్లోని మెకిన్నీలోనే కేంద్ర కార్యాలయమున్న ఆ కంపెనీ, రస్ట్‌లర్‌నూ బాండిట్‌నూ ఒకే కుటుంబంగా తయారు చేసింది. 272 అని పిలిచే గేర్‌బాక్స్, మోటారు, స్పీడ్ కంట్రోలర్ వంటి ఖరీదైన భాగాలు రెండింటికీ ఉమ్మడిగా వస్తాయి కనుక మీరు వాటి జోలికి వెళ్లనక్కరలేదు. రెండు బండ్లకూ విడిభాగాలను విడదీసి చూపించే బొమ్మల పటాలు దొరుకుతాయి. వాటిని పక్కపక్కన పెట్టుకొని, భాగం సంఖ్య కలవని ప్రతిదాన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మీ బండి ఏ ఏడాది తయారైనా ఆ కాగితమే మీకు సరైన కొనుగోలు జాబితా అవుతుంది, అంగడివాడి మాట మీదో నా మాట మీదో ఆధారపడే పని ఉండదు.

నిజానికి ఈ రంగంలో బగ్గీయే ముందు, ట్రక్కు తరవాత. తమియా కంపెనీ 1983లో ఫ్రాగ్ అనే బగ్గీని తెచ్చి, అదే పునాది మీద పెద్ద చక్రాలూ పికప్ బాడీ పెట్టి 1986లో బ్లాక్‌ఫుట్ ట్రక్కును చేసింది. మీరు ఆ దారిలోనే వెనక్కి నడుస్తున్నారు.

ఇక పల్టీల సంగతి. బగ్గీ కాబట్టి పల్టీ కొట్టదని మీరు అనుకుంటున్నట్టుంది, కానీ లెక్క వేస్తే మొదట దానికి తలకిందులుగా తేలుతుంది. పదో వంతు పరిమాణపు నమూనాల పోటీ నిబంధనల్లో ట్రక్కు వెడల్పు 330 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు, బగ్గీ మాత్రం 250 దాటకూడదు. బండి పక్కకు ఒరగకుండా పట్టి ఉంచేది, కుడి ఎడమ టైర్ల నడుమ దూరంలో సగానికీ, బండి బరువు కేంద్రం నేలకు ఉన్న ఎత్తుకూ మధ్య ఉండే నిష్పత్తి. మీ ట్రక్కు టైర్ల మధ్య నుంచి మధ్యకు 265 మిల్లీమీటర్లు, బరువు కేంద్రం 70 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నాయని అనుకుందాం. నిష్పత్తి 1.9 దాకా వస్తుంది. బగ్గీ ఆర్మ్‌లు వేశాక ఆ దూరం 208కి తగ్గి, ఎత్తు 70 దగ్గరే ఉండిపోతే నిష్పత్తి 1.5కు పడిపోతుంది, అంటే ఇప్పటికంటే సులువుగా పల్టీ కొడుతుంది. పాత స్థిరత్వం తిరిగి రావాలంటే బరువు కేంద్రం 55 మిల్లీమీటర్లకు, అంటే 15 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. 100 మిల్లీమీటర్ల టైరు తీసి 85 మిల్లీమీటర్ల బగ్గీ టైరు వేస్తే ఇరుసు ఏడున్నర మిల్లీమీటర్లు దానంతట అదే దిగుతుంది. మిగతా ఏడున్నరను మీరు షాకుల దగ్గర, అంటే కుదుపును మింగే స్ప్రింగు గొట్టాల దగ్గర దించాలి. సగం మార్పు చేసి ఆపేసినవాళ్లు ‘బగ్గీ చేశాక ఇంకా పాడైంది’ అనడానికి కారణం ఇదే.

ఆర్మ్‌లు మార్చేటప్పుడు ఇరుసు కడ్డీలను మర్చిపోవద్దు. ఈ బండ్లలో వెనక కడ్డీ, గొట్టంలో గొట్టం జారినట్టు ఒకదానిలోకి ఒకటి జారే రెండు ముక్కలుగా ఉంటుంది. ట్రక్కు కడ్డీ పొడవు, బగ్గీ ఆర్మ్ పొట్టి. పాత కడ్డీనే ఉంచితే, బండి గెంతి నేలను తాకి సస్పెన్షన్ నలిగిన క్షణాన ఆ జారే ముక్కకు జారడానికి చోటు మిగలదు. అది గూటంలా గేర్‌బాక్స్‌ను లోపలికి పొడుస్తుంది. నేను మొదటిసారి ఇలాంటి మార్పు చేసినప్పుడు ఖర్చు ఎందుకని పాత కడ్డీలే ఉంచాను, మూడో గెంతుకే గేర్‌బాక్స్ పక్కన కడ్డీని పట్టి ఉంచే యోక్ ముక్క విరిగింది. పొట్టి కడ్డీలు వేశాక ఒక పరీక్ష చేయండి. షాకును విప్పి పక్కన పెట్టి, ఒక చేత్తో ఆర్మ్‌ను అడుగు నుంచి పైకి పూర్తిగా ఎత్తండి, తరవాత పూర్తిగా కిందికి వదలండి, ఆ రెండు చివరల మధ్య చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఉండండి. ఎక్కడా బిగుసుకోకూడదు, కిందికి వేలాడినప్పుడు లోపలి ముక్క బయటికి ఊడి రాకూడదు. ఈ రెండూ కుదిరితేనే షాకును తిరిగి బిగించండి.

ప్లాస్టిక్‌లోకి స్క్రూ తిరిగి ఎక్కించేటప్పుడు ముందుగా దాన్ని అపసవ్యంగా తిప్పాలి. పాత మర దొరికినప్పుడు వేలికి చిన్న ‘టిక్’ తెలుస్తుంది, అక్కడి నుంచి సవ్యంగా బిగిస్తే పాత దారిలోనే దిగుతుంది. అలా చేయకుండా బలవంతంగా తిప్పితే కొత్త మర పడి, నాలుగోసారికి రంధ్రం ఖాళీ గొట్టమైపోతుంది. మర పట్టించే జిగురును లోహం లోహంలోకి ఎక్కే చోట, ముఖ్యంగా పినియన్ బిగించే చిన్న స్క్రూకు మాత్రమే వాడండి, ప్లాస్టిక్ దగ్గర వద్దు.

చక్రాల్లో ఒక మెలిక ఉంది. ఈ కుటుంబపు బండ్లలో వెనక చక్రం 12 మిల్లీమీటర్ల షట్కోణపు హెక్స్ మీద కూర్చుంటుంది. ముందు చక్రం మాత్రం చాలా ఏళ్లపాటు హెక్స్ లేకుండా, బేరింగులు చక్రం లోపలే ఉండే పద్ధతిలో వచ్చింది. కాబట్టి మీ ముందు చక్రాన్ని ఒకటి విప్పి, బేరింగులు చక్రంలో ఉన్నాయా, ఇరుసు మీద ఉన్నాయా చూసుకొని కొనండి. బగ్గీకి ముందు సన్నని, పొడవునా గీతలున్న టైర్లు వస్తాయి, వెనక వెడల్పైన ముళ్ల టైర్లు వస్తాయి. ఆ గీతల టైరు పక్కకు జారకుండా మట్టిని కోసుకుంటూ పోతుంది కనుక మలుపు బాగా పడుతుంది. మోటారు వెనక ఇరుసుకు ఆవల వేలాడే ఈ బండ్లలో ముందు భాగం తేలిక, అందుకని ఈ టైరు అలంకారం కాదు, అవసరం.

చిన్న చక్రం వేశాక గేరు నిష్పత్తి చూసుకోవాలి. ఇప్పుడు మీ స్పర్‌ను పినియన్‌తో భాగిస్తే 4.78, దాన్ని గేర్‌బాక్స్ లోపలి నిష్పత్తి 2.72తో హెచ్చిస్తే 13 వస్తుంది, అంటే మోటారు 13 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 100 మిల్లీమీటర్ల టైరు చుట్టుకొలత 314, కనుక మోటారు ఒక చుట్టు తిరిగితే బండి 24 మిల్లీమీటర్లకు కాస్త పైన జరుగుతుంది. 85 మిల్లీమీటర్ల టైరుతో అది ఇరవైన్నరకు తగ్గి, బండి చివరి వేగం ఆరో వంతు దాకా పోతుంది. 21 పళ్ల పినియన్ వేస్తే మళ్లీ 24 దగ్గరికి వస్తుంది. అయినా మీరు ముందు 20తో మొదలుపెట్టండి. అయిదు నిమిషాలు నడిపి ఆపి, మోటారు డబ్బా మీద వేలు పెట్టి చూడండి. రెండు మూడు క్షణాలు ఉంచగలిగితే 21కి వెళ్లవచ్చు, వెంటనే చెయ్యి తీసేయవలసి వస్తే 19కి దిగండి. ఎండాకాలం టెక్సస్ మధ్యాహ్నానికి ఒక పన్ను తక్కువ లెక్క వేసుకోవడం మంచిది. పినియన్‌ను స్పర్‌కు ఆనించేటప్పుడు నోటుబుక్కు కాగితపు పేలికను ఒకదాన్ని రెండు గేర్ల మధ్య నలిగేలా పెట్టి మోటారు స్క్రూలు బిగించి, తరవాత కాగితాన్ని తిప్పి లాగేయండి. కాగితం చిరగకుండా మడతల గుర్తులతో బయటికి వస్తే ఖాళీ సరిగ్గా ఉన్నట్టు.

బండిని దించేటప్పుడు కొలబద్ద వెతకనక్కరలేదు. బ్యాటరీ పెట్టి, బండిని జానెడు ఎత్తు నుంచి బల్ల మీద పడేయండి. అది కుదురుకున్నాక వెనక నుంచి చూస్తే ఇరుసు కడ్డీలు బల్లకు సమాంతరంగా కనబడాలి. కడ్డీలు బయటికి కిందికి వాలి ఉంటే బండి ఇంకా ఎత్తున ఉన్నట్టు, స్ప్రింగు పైనుండే క్లిప్పులు తీయాలి. బగ్గీ చక్రాలు తేలిక కనుక ట్రక్కు స్ప్రింగుల కంటే ఒక మెట్టు మెత్తనివి, షాకుల్లో కాస్త పలుచని నూనె నప్పుతాయి. ముందు చక్రాలు నేరుగానో, పైనుంచి చూస్తే ముందు అంచులు ఒక్క డిగ్రీ విచ్చుకునో ఉండవచ్చు, వెనక చక్రాలు మాత్రం లోపలికే చూడాలి, లేకపోతే వేగం అందుకున్న కొద్దీ తోక ఊగుతుంది. నిలువుగా చూస్తే నాలుగు చక్రాల తలలూ ఒకటి రెండు డిగ్రీలు లోపలికి వాలి ఉంటే చాలు. సర్దే కడ్డీలకు ఒక చివర కుడి మర, రెండో చివర ఎడమ మర ఉంటాయి కనుక, బండికి బిగించి ఉండగానే నడుమ పట్టుకొని తిప్పి పొడవు మార్చుకోవచ్చు.

మీ ఊరి నేల గురించి ఒక మాట. ప్లేనో, ఫ్రిస్కో ప్రాంతం బ్లాక్‌లాండ్ ప్రెయిరీ మీద ఉంది, అది మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. ఎండలో నెర్రెలు విచ్చుతుంది, వానలో జిగటై టైరుకు రొట్టెలా పట్టుకుంటుంది. కిందికి దించిన బగ్గీ ఆ నెర్రెల మీద పొట్ట రాసుకుంటుంది, ఎత్తైన పచ్చికలోనూ ట్రక్కు అంత సాఫీగా పోదు. చదును చేసిన మట్టి ట్రాక్ మీదా, గట్టి నేల మీదా నడిపేవారికే ఈ మార్పు వల్ల సుఖం. మీరు నడిపేదంతా ఇంటి వెనక గడ్డిలోనే అయితే, పాత ఆర్మ్‌లూ పాత చక్రాలూ ఉంచి, షాకులను మాత్రం కాస్త దించి చూడండి. పల్టీలు చాలావరకు అక్కడే తగ్గుతాయి.

ఇప్పుడు మీ బాడీ. పారదర్శకమైన పాలీకార్బొనేట్ బాడీ కొని ఉంటే రంగు లోపలి వైపు వేయాలి, అదీ పాలీకార్బొనేట్ కోసమే తయారైన రంగు, మామూలు స్ప్రే అయితే మొదటి దెబ్బకే పెచ్చులు లేస్తుంది. గిన్నెలు తోమే సబ్బుతో లోపల కడిగి, ఆరాక, చుక్కలూ గీతలూ వంటి ముదురు రంగులు ముందు, లేత రంగులు తరవాత వేయండి, ఎందుకంటే చూసేవారికి మీరు మొదట వేసిన పూతే పైన కనిపిస్తుంది. బాడీ నిలబెట్టే స్తంభాలు బగ్గీకి వేరే చోట ఉంటాయి. వాటిని బిగించాకే, స్తంభాల కొనలకు కాస్త రంగు పూసి బాడీని మీద ఆనించి, అచ్చుపడిన చోటే రంధ్రం చేయండి. వెనక రెక్క విడిగా బిగించుకోవాలి.

ఖర్చు విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. ముందు వెనక ఆర్మ్‌లు, కడ్డీలు, చక్రాలు, టైర్లు, స్తంభాలు, రెక్క అన్నీ కొత్తవి కొంటే, ఆ మొత్తానికి ఎవరో వాడి పక్కన పెట్టిన బాండిట్ బండి దొరికే అవకాశం ఎక్కువ. డబ్బు ఆదా కోసమైతే ఈ పని చేయవద్దు. మీరూ మీ అబ్బాయీ రెండు శనివారాలు బల్ల దగ్గర కూర్చొని చేసే పని కావాలనుకుంటే చేయండి, విప్పిన ట్రక్కు భాగాలను మాత్రం ఒక డబ్బాలో దాచండి. వాడికి మళ్లీ ట్రక్కు కావాలనిపించే రోజు తప్పకుండా వస్తుంది.

ప్రశ్న: నాది డబ్ల్యూఎల్ టాయ్స్ ఏ979 ట్రక్కు, పద్దెనిమిదో వంతు పరిమాణం, నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. పై ఉత్తరంలోలా ముందు సన్న టైర్లు, వెనక వెడల్పు టైర్లు వేసి బగ్గీ చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: బగ్గీ చేయవచ్చు, ఆ పద్ధతిలో మాత్రం వద్దు. ఏ979 ట్రక్కూ, ఏ959 బగ్గీ ఒకే చాసిస్ మీద తయారైన అన్నదమ్ములు, కనుక మీ పని పై పాఠకుడి పనికంటే చాలా తేలిక. బగ్గీ చక్రాలు, బాడీ, దాన్ని నిలబెట్టే స్తంభాలు, రెక్క తెచ్చుకుంటే చాలావరకు అయిపోతుంది.

జాగ్రత్త పడవలసింది టైర్ల వ్యాసం దగ్గర. వెనక చక్రాలకే శక్తి అందే బండిలో ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి, వాటి వ్యాసం వేరైనా ఎవరికీ నష్టం లేదు. మీ బండిలో ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ నడుమ ఒక కడ్డీ కలుపుతుంది, రెండూ ఒకే లెక్కన తిరగక తప్పదు. ముందు టైరు 70, వెనక టైరు 75 మిల్లీమీటర్లు ఉంటే ప్రతి చుట్టుకూ వెనక టైరు 16 మిల్లీమీటర్లు ఎక్కువ దూరం పోవాలని చూస్తుంది. ఇసుకలో అయితే టైరు జారి ఆ తేడాను సర్దుకుంటుంది. గోదావరి గట్టు మీది సిమెంటు దారిలో జారడానికి వీలుండదు కనుక ఆ ఒత్తిడి అంతా చిన్న గేర్ల పళ్ల మీద పడుతుంది, ముందు అరిగేది అవే. నాలుగు టైర్లూ ఒకే వ్యాసంలో, ఒకేసారి కొన్నవి వాడండి. రెండు అరిగిపోతే నాలుగూ మార్చండి.

ప్రశ్న: మా కాలేజీ ప్రయోగశాలలో త్రీడీ ప్రింటర్ ఉంది. బగ్గీ ఆర్మ్‌లు కొనకుండా పీఎల్‌ఏ అనే ప్రింటర్ ప్లాస్టిక్‌తో ముద్రించుకుంటే నిలుస్తాయా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: కొలతలు సరిచూసుకోవడానికి నిలుస్తాయి, నడపడానికి నిలవవు. పీఎల్‌ఏ గట్టిదే కానీ పెళుసు, ఆర్మ్ మీద పడేదేమో నిలకడైన బరువు కాదు, దెబ్బ. పైగా అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే, మీరు తిరిగొచ్చేసరికి ఆర్మ్ వంకర తిరిగి ఉంటుంది. కంపెనీ ఆర్మ్‌లు నైలాన్ జాతి ప్లాస్టిక్‌తో పోతపోసినవి, దెబ్బకు వంగి మళ్లీ నిలబడతాయి.

మీ ప్రింటర్‌ను వేరే విధంగా వాడుకోండి. పొడవులో రెండేసి మిల్లీమీటర్ల తేడాతో మూడు జతల ఆర్మ్‌లు పీఎల్‌ఏలో ముద్రించి, బండికి బిగించి, నేను పైన చెప్పినట్టు పైకీ కిందికీ ఎత్తి దించి, ఇరుసు కడ్డీ ఎక్కడా బిగుసుకోని పొడవేదో తేల్చుకోండి. ఆ కొలతతో నైలాన్‌లో ముద్రించండి, ఆర్మ్‌ను పొరలు దాని పొడవు వెంట పోయేలా పడుకోబెట్టి ముద్రించండి. నిలబెట్టి ముద్రిస్తే రెండు పొరలు కలిసే చోటే చీలిపోతుంది. నైలాన్ తీగ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక ముద్రించే ముందు ఆరబెట్టాలి, లేకపోతే ముద్రణలో బుడగలు వస్తాయి. ఆర్మ్ చివర పిన్ను దూరే రంధ్రాన్ని అసలు కొలత కంటే కాస్త చిన్నగా ముద్రించి, ఆ తరవాత సరైన డ్రిల్ బిట్‌ను చేత్తోనే తిప్పుతూ తొలవండి. పిన్ను వదులుగా ఊగకుండా, ఆర్మ్ మాత్రం తన బరువుకు తానే కిందికి వాలేంత ఖాళీ ఉంటే అక్కడితో ఆపండి.